‘పాసే’ అను మాట: కాలము చెల్లినవాటిని గూర్చి

ఇంగ్లీషు పత్రికలలో అప్పుడప్పుడు ఒక చిన్నమాట కనబడును. ఏదో ఒక పాటల తీరునో, దుస్తుల కట్టునో, భావమునో పేర్కొని అది ‘పాసే’ అని వ్రాసి ముందునకు సాగిపోవుదురు. నాలుగక్షరముల ‘పాస్’ చివర ఒక ‘ఇ’ చేర్చి, దానిపై చిన్న వాలుగీత గీసిన పదమిది. ఆ గీతను గమనింపనివారు దీనిని ‘పాస్’ అనియే చదివి అర్థము తోచక తికమకపడుదురు. పలుకవలసినది ‘పాసే’ అని. అర్థము: కాలము దాటిపోయినది, వాడుక తప్పినది, పూర్వమొకప్పుడు మెచ్చదగినదే గాని నేడు నలుగురిలో పేరెత్తుటకు సిగ్గుపడవలసినది. ఈ కడపటి ఛాయ నిఘంటువులలో స్పష్టముగ కనబడదు గాని, మాటలోని పదును అంతయు అందే యున్నది.

ఇది ఫ్రెంచి మాట. ఫ్రెంచిలో ‘పాసె’ అనగా దాటుట, గడచుట. దాని భూతకాల విశేషణమే ‘పాసే’, అనగా దాటినది, గడచినది. దీనికంతటికి మూలము ‘అడుగు’ అను అర్థము గల ‘పాసుస్’ అను లాటిన్ పదము. అడుగు వేయుట, అడుగు వేసి దాటుట, దాటి వెనుకబడుట అను మూడు మెట్లలో అర్థము నడచివచ్చినది. మన ‘గతము’ కూడ ఇట్టిదే. సంస్కృతమున పోవుట అను ధాతువునుండి పోయినది అను అర్థమున పుట్టినది. అచ్చతెలుగు ‘గడచిన’ కూడ అంతే. కాలమును నడచిపోవు మనిషిగ భావించుట ఏ ఒక్క జాతికో పరిమితము కాదు.

ఈ మాట చుట్టములు మన యిండ్లలో నెప్పుడో చేరినవి. పరీక్ష పాసగుట, బస్సు పాసు, పాస్‌పోర్టు, అన్నియు ఆ అడుగునుండి పుట్టినవే. అన్నిటికంటె ముచ్చటయైనది మన రైతు పెట్టెలోని పట్టాదారు పాసుపుస్తకము. 1971 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము ఈ పేరును స్థిరపరచినది. ‘పట్టా’ ఈ దేశపు మాట, ‘దారు’ పారసీకము, ‘పాసు’ ఫ్రెంచినుండి ఇంగ్లీషు మీదుగా వచ్చినది, ‘పుస్తకము’ సంస్కృతము. నాలుగు భాషలు ఒక అట్టలో నిమిడి, రైతు చేతికి వచ్చునప్పటికి తెలుగైనవి. ఇన్ని చుట్టములు మనలో కలిసిపోగా, వాలుగీత తలపై పెట్టుకొనిన ‘పాసే’ మాత్రము ఇంగ్లీషులో సయితము పరదేశిగనే నిలిచినది. పరీక్ష పాసైనవాడు సంతసించును, పాసే యైనవాడు విచారించును. మూలము మాత్రము ఒకటే.

ఇంగ్లీషువారు పదునెనిమిదవ శతాబ్దిలో ఈ మాటను ఎరువు తెచ్చుకొన్నప్పుడు, తొలుత దీనిని వస్తువులకు గాక మనుష్యులకు, అందును విశేషముగ యౌవనము దాటిన స్త్రీలకు వాడిరి. స్త్రీలింగమునకు తగినట్లు చివర మరియొక ‘ఇ’ చేర్చి వ్రాసెడివారు. ఒక మనిషి సౌందర్యము గడచిపోయినదని కొలువుకూటములలో నవ్వుకొనుటకు పుట్టిన మాట క్రమముగ టోపీలకు, నాటకములకు, సిద్ధాంతములకు వ్యాపించినది. ఈ పుట్టుక మాకు ప్రీతికరముగ లేదు. అయినను చెప్పవలసియున్నది, మాటలోని ఎకసక్కెము ఎచ్చటిదో దీనివలన తెలియును.

విద్యార్థులు ఒక పొరపాటునకు లోనుగాకుండ చూచుకొనవలెను. తెలుగున ‘పాచిపోయిన’ అను మాట యున్నది. కొందరు ‘పాసిపోయిన’ అని కూడ అందురు. నిలువయుండి చెడిన అన్నమును అట్లు చెప్పుదుము. ధ్వనియు అర్థమును దగ్గరగా నున్నవి గదా, రెండును ఒకటియే గావలెనని ఉత్సాహపడువారు కలరు. కాని మన ‘పాచి’ ద్రావిడ పదము. తమిళమున ‘పాశి’, కన్నడమున ‘పాచి’ అని నీటిపై కట్టు నాచునకు పేరు. ఆ పచ్చదనమునుండి బూజు, బూజునుండి చెడుట అను అర్థము కలిగినది. లాటిన్ అడుగునకును మన చెరువులోని నాచునకును చుట్టరికము లేదు. ఇట్టి పోలికలు వేలకొలది మాటలలో ఎక్కడనో ఒకచోట తారసపడుచునే యుండును. రెండు పోలినంతమాత్రమున బంధుత్వము కలుపుట భాషాశాస్త్రము కాదు.

ఉర్దూలో నిలువ యన్నమునకు ‘బాసీ’ అందురు. రాత్రి వసించినది, అనగా తెల్లవారువరకు ఉండిపోయినది అని భావము. తెలుగున దీనికి సరియైనది ‘చద్ది’. ఇచ్చట ఒక విశేషమున్నది. రాత్రి గడచిన అన్నమును ఫ్రెంచివాడు ‘పాసే’ అనవచ్చును గాని తెలుగువాడు పెద్దల మాట చద్దిమూట అనుచున్నాడు. చద్ది చెడినది కాదు. పొలమునకు పోవువాని ఆకలి తీర్చునది. ఇందుకు విరుద్ధముగ, వాడుక తప్పిన వాదమును ఎత్తిపొడుచుటకు మనకు ‘పాతచింతకాయ పచ్చడి’ యున్నది. సభలో ఒకడు పాతమాట ఎత్తగానే మరియొకడు ఈ ఎత్తిపొడుపు విసరును. ఆ పచ్చడినే జ్వరము తగ్గినవానికి పథ్యముగ పెట్టుట మన యిండ్లలో ఆచారము. పచ్చడి పాతబడినకొలది హితవగునని వంటయింటిలో నమ్మి, వాకిటిలో దానినే తిట్టుగ వాడు జాతి మనది. ‘పాసే’కు సరియైన తెలుగు పదమేది యని అడిగినచో, పరిహాసములో ఈ పచ్చడియే దగ్గరిదని మా అభిప్రాయము.

గంభీరముగ చెప్పవలసిన చోట ‘కాలము చెల్లిన’ అందుము. ‘చెల్లుట’ నాణెమునకు సంబంధించిన మాట. చెల్లని కాసు అంగడిలో మారదు. ఉర్దూలో ఇట్టి భావమునకే ఒక అపురూపమైన మాట యున్నది: ‘దకియానూసీ’. దకియానూసీ ఖయాలాత్ అనగా కాలము చెల్లిన భావములు. ఇది ఒక రోమక చక్రవర్తి పేరునుండి వచ్చినదనిన చాలమంది ఆశ్చర్యపడుదురు. దకియానూస్ అనగా క్రీ.శ. 249 నుండి 251 వరకు రోమును పాలించిన డేసియస్. అతని కాలమున విశ్వాసము కొరకు కొందరు యువకులు ఊరు విడిచి గుహలో దాగి నిద్రించిరని, శతాబ్దములు గడచిన పిదప మేలుకొనిరని క్రైస్తవులలోను ముస్లిములలోను ప్రసిద్ధమైన గాథ. ఖురానులోని 18వ అధ్యాయమునకు ఆ గుహ పేరే వచ్చినది. మేలుకొనినవారు తమలో నొకనికి వెండి నాణెమిచ్చి ఆహారము కొరకు నగరమునకు పంపుదురు. చక్రవర్తి పేరు గ్రంథమున లేదు. అది వ్యాఖ్యాతలు, కథకులు చెప్పినది. ఆ కథనమున అంగడివాడు నాణెము చూచి విస్తుపోవును. దకియానూస్ కాలపు నాణెము! ఆ విధముగ ఆ పేరు పాతదనమునకు గుర్తుగ స్థిరపడినది. ఫ్రెంచివాడు అడుగునుండి, ఉర్దూవాడు నాణెమునుండి, తెలుగువాడు కూడ నాణెమునుండియే ఈ భావమును తీసికొనిరి. కాని దకియానూసీ అనినపుడెల్ల, ఆ నాణెము పట్టుకొని బజారునకు వచ్చిన యువకుడు తప్పుచేసినవాడు కాడని జ్ఞప్తియుంచుకొనుట మంచిది.

నాణెముల ప్రసక్తి వచ్చినది గనుక మన నాణెముల సంగతియు చూతము. రూపాయికి పదునారు అణాలు, అణాకు నాలుగు పైసలు అను లెక్క 1957 ఏప్రిల్ 1వ తేదీతో తీరినది. ఆనాటినుండి రూపాయికి నూరు పైసలు. పాత పైసతో తేడా తెలియుటకై వానిని ‘నయాపైసలు’ అనిరి. ఏడేండ్లకు, 1964లో, ఆ ‘నయా’ను తీసివైచిరి. క్రొత్తదని పేరులోనే చెప్పుకొనినదానికి ఆ క్రొత్త యన్న మాటయే కాలము చెల్లుట ఇందు తమాషా. పావలా బిళ్ల 2011 జూన్ 30వ తేదీతో చెలామణి తప్పినది. బేడ యనగా రెండణాలని నేటి విద్యార్థులలో ఎందరికి తెలియునో! అయినను తెలుగుదనము నిండుగ నున్న పిల్లను చూచి ‘పదహారణాల తెలుగు పిల్ల’ యనుచునే యున్నాము. నూరు పైసల తెలుగు పిల్ల యని ఎవరును అనలేదు, అనబోరు. దమ్మిడీ ఆదాయము లేదు, క్షణము తీరిక లేదు అను సామెతకు దమ్మిడీని కంటితో చూచియుండవలసిన పనిలేదు. పావలా బిళ్ల పోయినను నెలకు నూటికి పావలా వడ్డీ యన్న లెక్క పల్లెలలో ప్రతివానికిని తెలియును. సంవత్సరమునకు నూటికి మూడు రూపాయలు. నాణెము మరణించినది, లెక్క బ్రతికినది.

కొలతలును ఇట్లే. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక యని పూర్వము బడిలో వల్లెవేయించెడివారు. మెట్రిక్ పద్ధతి వచ్చినపిమ్మట అవి బడినుండి తొలగిపోయినవి. కాని వేసవి వచ్చి నూజివీడు ప్రాంతపు ఇండ్లలో ఆవకాయ కలుపుటకు కూర్చొన్నప్పుడు చూడుడు. కారము ఇన్ని సోలలు, ఆవపిండి ఇన్ని సోలలు, ఉప్పు ఇంత తక్కువ యని పెద్దలు చెప్పుచుందురు. అచ్చట త్రాసునకు పనిలేదు.

ఇక ఫ్రెంచివారి సంగతి. ఈ మాటను మనకు తెచ్చినది ఇంగ్లీషు పుస్తకమే గాని, ఈ మాట నాడిన జాతి మన గడపదాక వచ్చినదే. 1669లో గోలకొండ సుల్తాను అనుమతితో ఫ్రెంచివారు మచిలీపట్టణమున వర్తకస్థానము నేర్పరచుకొనిరి. 1753లో సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచి సైన్యపు ఖర్చులకై బుస్సీ వశము చేసినాడు. అందు ఏలూరు, కొండపల్లి సర్కారులు కూడ ఉన్నవి. అనగా మన తోటల సీమ చుట్టునున్న ప్రదేశమున కొలదికాలము ఫ్రెంచివారి పెత్తనము సాగినది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు మచిలీపట్టణపు కోటను పట్టుకొనుటతో అది ముగిసినది. ఆరేండ్ల అధికారము భాషమీద ముద్ర వేయజాలలేదు. ఒక పేట పేరు మిగిలినది. బందరులోని ఫ్రెంచిపేట నేటికిని ఆ పేరుతో నున్నది. ఆ పేటలోని వారి స్వల్ప హక్కులు కూడ 1947లో భారతదేశమునకు వచ్చినవి. యానాము 1954లో వచ్చినది.

అయితే మచిలీపట్టణమునకును ఫ్రెంచి ‘వాడుక’కును ఇంతకంటె గట్టి సంబంధమొకటి కలదు. అది అద్దకపు వస్త్రము. చిరివేరు ఎరుపుతో, నీలిమందుతో, పటికతో రంగులు పట్టించిన కోరమండల తీరపు నూలు బట్టలు పదునేడవ శతాబ్దిలో ఐరోపాను ముంచెత్తినవి. ఉతికినను రంగు పోకపోవుట అచ్చటివారికి వింత. ఫ్రాన్సు దేశమున వీనిని ‘ఆంద్యెన్’ అనిరి, అనగా హిందూదేశపువి. స్త్రీపురుషులందరును వీనిని ధరింపసాగగా అచ్చటి పట్టు, ఉన్ని నేతగాండ్రు మొరపెట్టుకొనిరి. 1686లో ఫ్రెంచి ప్రభుత్వము ఈ బట్టల దిగుమతిని, దేశములో అట్టివానిని అద్దుటను కూడ నిషేధించినది. డెబ్బది యేండ్లకు పైగా ఆ నిషేధము నడచినది, దొంగచాటుగ వాడుకయు నడచినది. నిషేధమును ఎత్తివేసినది 1759లో. అదే సంవత్సరము ఫ్రెంచివారు మచిలీపట్టణమును పోగొట్టుకొనిరి. అప్పటికి అద్దకపు రహస్యములు ఐరోపావారికి తెలిసిపోయినవి. వారే రాగిపలకలపై, పిమ్మట యంత్రములపై అద్దకము సాగించిరి.

ఇచ్చట కొంచెము ఆగి ఆలోచింపవలెను. మన కలంకారీ ‘పాసే’ యగుట ఎవరికో మనసు విరిగినందువలన కలుగలేదు. తొలుత మెచ్చుకొనిరి, పిమ్మట చట్టముతో నాపిరి, పిమ్మట నేర్చుకొనిరి, పిమ్మట చౌకగ తయారుచేసి మనకే అమ్మిరి. ఆ వరుస అంతయు జరిగిన మీదట, చేతి అద్దకము పాతదైనదని చెప్పుట సులభమైనది. వాడుక తనంతట తాను గాలివలె మారునని అనుకొనుట పొరపాటు. చాలసార్లు దాని వెనుక సుంకమును, యంత్రమును, తుపాకియు నుండును. కలము అను అరబ్బీ పదమునకు పారసీకపు ‘కారీ’ చేరి పుట్టిన ఈ పేరు గల విద్య మచిలీపట్టణమునకు చేరువనున్న పెడనలో కొయ్య అచ్చులతో నేటికిని సాగుచున్నది. స్వాతంత్ర్యానంతరము హస్తకళలపై కలిగిన ఆదరముతో మరల పట్టణములకు చేరి, నేడు కాలేజీ పిల్లలు కోరి కట్టుచున్నారు. ఫ్రెంచివారు ఇట్లు మరలివచ్చినదానికి మాట యొకటి కల్పించినారేమో గాని, ‘పాసే’ మాత్రము తిరుగుబాట లేని మాటవలె వినబడును.

ఉద్యోగముల పేర్లలో నొక విచిత్రము కనబడును. గ్రామ మునసబు, కరణముల పదవులను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1984లో తొలగించినది. మునసబు అను మాటకు మూలము ‘మున్సిఫ్’. సగము అను అర్థము గల అరబ్బీ పదమునుండి, ఇరుపక్షములకు సరిసమానముగ పంచి న్యాయము చెప్పువాడని అర్థము. పదవి పోయినది, పల్లెలలో ఆ యింటిపేరుగ మాత్రము నిలిచినది. మరుసటి సంవత్సరము, 1985లో, తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. నూజివీడు తాలూకా యని పెద్దల నోటినుండి ఇంకను వినబడును గాని కాగితములలో లేదు. కాని మాట పోయినదా? అరబ్బీలో ‘తఅల్లుఖ్’ అనగా సంబంధము. ‘వారి తాలూకు మనిషి’, ‘ఆ తోట తాలూకు కాగితములు’ అని మనము నిత్యము పలుకుచున్నప్పుడు ఆ అసలు అర్థమే పలుకుచున్నాము. ప్రభుత్వము తీసివైచినది నడుమ వచ్చిన అర్థమును మాత్రమే. జమీందారీ సంగతి ఇందుకు వేరు. 1948 నాటి మద్రాసు చట్టముతో నూజివీడు మొదలగు ఎస్టేటులు రద్దగుటకు ఏడ్చినవారు కొలదిమంది. ఆ మాట కాలము చెల్లుట మేలే యైనది. 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లానుండి నూజివీడును ఏలూరు జిల్లాలో చేర్చిరి. ఉత్తరముల మీద కృష్ణా జిల్లా యని చేయి తనంతట వ్రాయుట మానుటకు ఇంకను కొంతకాలము పట్టును.

మన సీమకు పేరు తెచ్చిన మామిడి విషయమున ఈ వాడుక గొడవ పుస్తకములలోనిది కాదు, జీవనమునకు సంబంధించినది. నూజివీడు అనగానే రసాలు. చిన్నరసము, పెద్దరసము, చెరుకురసము అని భేదములు. వీనిని కోసి ముక్కలు చేసి తినుట తగదు. పండును అరచేతులలో మెల్లగ పిసికి మెత్తబరచి, తొడిమ తీసి, మొదట వచ్చు జీడి పారవైచి జుర్రవలెను. పీచు ఉండును, పీచు లేనిచో ఆ రుచి లేదు. పెరుగన్నములో ఈ పండు పిండుకొని తినువానికి వేరొక భక్ష్యము పేరు చెప్పరాదు. అయితే రసపు పండునకు తోలు పలుచన, నిలువ తక్కువ. దూరప్రయాణము చేయజాలదు. పట్టణపు విందులలో మోచేతులదాక రసము కార్చుకొనుచు జుర్రుటకు నేటివారు సంకోచింతురు. చాకుతో చక్కగ కోసి, పళ్లెములో పేర్చి, ముల్లుతో గ్రుచ్చి తినుటకు బంగినపల్లి అనువైనది. పీచు లేదు, పసిమి రంగు, బండి ప్రయాణమునకు ఓర్చును. రాయలసీమలోని బనగానపల్లె నవాబుల సంస్థానపు పేరు గల ఈ పండునకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. మరియొక ప్రక్క కలెక్టరు కాయ, అనగా తోతాపురి, రసపు కర్మాగారములకు పోవును. ఈ రెంటి నడుమ రసాలు నలిగిపోవుచున్నవి.

చీర వాడుక తప్పినచో పెట్టెలో దాచవచ్చును. చెట్టు సంగతి అట్లు కాదు. పాత పద్ధతిలో ఒక చెట్టునకు మరియొక చెట్టునకు నడుమ పది మీటర్లు విడిచి, హెక్టారునకు నూరు చెట్లు పెట్టెడివారు. అంటుమొక్క కాపునకు వచ్చుటకే నాలుగైదేండ్లు. నిండు కాపునకు ఇంకను ఎన్నో యేండ్లు. తాత నాటినదానిని మనుమడు అమ్ముకొనును. పట్టణపు నాలుక రుచి పదేండ్లలో మారిపోవును. చెట్టు వయస్సునకును వాడుక వయస్సునకును పొత్తు కుదరదు. ఆ నష్టము రైతు నెత్తిన పడును. పూత రాకమునుపే తోటను గుత్తకు పుచ్చుకొను వర్తకుడు ఇందులో రసాల చెట్లెన్ని, బంగినపల్లి చెట్లెన్ని యని మొట్టమొదట ఎంచును. రసాలు ఎక్కువ యున్నచో బేరము తగ్గును. ఆ బేరమున ‘పాసే’ యన్న మాట ఎవరును పలుకరు. అంకె రూపమున పలుకుదురు.

కొందరు చెట్టు నరుకుదురు. కొందరు అంత సాహసింపక, పెద్దకొమ్మలను మాత్రము కోసి, చిగిర్చిన లేతరెమ్మలకు క్రొత్తరకపు పుల్లలు అంటుకట్టుదురు. మూడు నాలుగేండ్లకు పై చెట్టంతయు బంగినపల్లి యగును. మొదలు, వేళ్లు మాత్రము రసపు చెట్టువే. భూమినుండి నీరు తోడి పైకి పంపునది ఆ పాత వేరే. మన ‘తాలూకు’ అను మాటను మేము తలచుకొనినప్పుడెల్ల ఇట్టి చెట్టు కనులకు కట్టును. రసాలను కోరి కొనువారు ఇంకను ఉన్నారు. వేసవి నడుమ వీధులలో బుట్టలు దిగిన గంటలో ఖాళీయగుచున్నవి. దగ్గరి ఊళ్లకు మించి పోలేనిది గనుక దీనికి దూరపు కీర్తి తగ్గినది గాని రుచి తగ్గలేదు. దూరము పోలేనిదానిని కాలము చెల్లినదనుట సరియా యన్నది తోట యజమానులకు రేపటి ప్రశ్న. ఒకసారి అంటు కట్టువారు మానివైచిన పిదప ఆ రకము మరల కావలెనన్న దొరకదు.

భాష సంగతి చెప్పక ఈ వ్యాసమును ముగింపజాలము. ఫ్రెంచి వ్యాకరణమున ‘పాసే సెంప్ల్’ అను భూతకాల రూపమొకటి యున్నది. ‘పాసే’ యన్న పేరు గల ఆ రూపము నేటి ఫ్రెంచి సంభాషణలో నిజముగనే పాసే యైనది. కథలలో, చరిత్రలలో వ్రాయుదురు గాని నోట పలుకరు. మన ‘వచ్చెను’, ‘చేసెను’ అచ్చముగ ఇట్టివే. వచ్చెను అని వ్రాయుదుము. వచ్చాడు అని పలుకుదుము. గిడుగు రామమూర్తిగారు గత శతాబ్దపు తొలి దశకములలో లేవదీసిన వ్యావహారిక వాదమునకు మూలమిదియే: పలుకని రూపములతో పిల్లలకు చదువు చెప్పరాదని. ఆ వాదము గెలిచినది, గెలువవలసినదే. ఈ వ్యాసపు క్రియలను చూచి పాఠకులు నవ్వుకొనిన మాకు అభ్యంతరము లేదు.

ఇక అరసున్న. ‘మూఁడు’ అని పూర్వము వ్రాసెడివారు. తమిళమున ‘మూన్ఱు’ అనుటచే అచ్చట నొక అనునాసికము ఉండెడిదని తెలియును. ధ్వని పోయినను దాని సమాధిపై గుర్తుగ ఆ సగము సున్న నిలిచినది. ఫ్రెంచివారు ‘దెపో’ అను మాటలో ఒక అచ్చుపై టోపీవంటి గీత పెట్టుదురు. అది లాటిన్ మూలములోని పోయిన సకారమునకు గుర్తు. ఆ దెపోయే మన బస్సుల డిపో. వాడుక తప్పిన ధ్వనిని గౌరవించుటకు రెండు జాతులును ఒకే ఉపాయము కనిపెట్టినవి. మనము మన గుర్తును పాఠ్యపుస్తకములనుండి తీసివైచితిమి. వారు 1990లో కొన్ని అచ్చులపై తమ గుర్తును విడిచినను తప్పులేదనిరి.

ఉర్దూ సాహిత్యమున వాడుక తప్పించిన మాటలకు ప్రత్యేకముగ నొక పేరు కలదు: ‘మత్రూకాత్’, అనగా విడిచిపెట్టబడినవి. పాసేకును దీనికిని గల భేదము గమనింపదగినది. పాసే తనంతట దాటిపోయినది. మత్రూక్ ఎవరో విడిచిపెట్టినది. విడిచిపెట్టుటకు ఒక చేయి యుండవలెను. దక్కను కవి వలీ 1700 ప్రాంతమున ఢిల్లీకి పోయినాడు. 1720 ప్రాంతమున ఆయన దీవాను అచ్చటికి చేరినది. పారసీకమున తప్ప కవిత్వము లేదనుకొనిన ఢిల్లీవారు మన దక్కను భాషలోని గజలు విని మురిసి, తామును ఆ బాట పట్టిరి. బాట పట్టిన కొలదికాలమునకే ఆ భాషలోని దక్కనీ, దేశీ పలుకులు మోటువని ఏరివేయసాగిరి. షా హాతిం తన పాత దీవానునే జల్లించి ‘దీవాన్‌జాదా’ను సిద్ధపరచినాడు. పిమ్మట లక్నోలో నాసిఖ్ ఆ ఏరివేతను మరింత బిగించినాడు. నేర్పినవాని పలుకు నేర్చినవాని యింట మత్రూక్ అయినది. మచిలీపట్టణపు అద్దకమునకు జరిగినదానికి ఇది దూరము కాదు.

మరి ఆ మాటలు ఎచ్చటికి పోయినవి? ఎచ్చటికిని పోలేదు. మరాఠీతో పొత్తున దక్కనీలో చేరిన ‘నక్కో’ ప్రామాణిక ఉర్దూ పాఠములలో లేదు. వద్దు అనుటకు ఆ మాటయే తెలుగుదేశపు ముస్లిముల యిండ్లలో నేటికిని పలుకబడుచున్నది. ఎందుకు అనుటకు ‘కైకూ’, అవును అనుటకు ‘హౌ’. పరీక్షలో ‘నహీఁ’ అని వ్రాసి వచ్చిన విద్యార్థి, ఇంటివద్ద తల్లి ఇంకొక రసపు పండు చేతిలో పెట్టబోగా ‘నక్కో అమ్మా’ అనుచున్నాడు.